కుడి నుంచి ఒకటోది

సెప్టెంబరు పదిహేనుతో ఈ అరబ్బు దేశంలో మధ్యాహ్నపు పని నిషేధం ఖలాస్. మూడు నెలలపాటు పన్నెండున్నర నుంచి మూడింటిదాకా కూలివాణ్ణి ఎండలో నిలబెట్టకూడదని రూలు. పదహారో తేదీకి ఎండేమీ మారదు, కాగితం మారుతుంది. 2024లో ఆ పదహారో తేదీ పొద్దున నేను నీళ్ల ట్యాంకర్ వేసుకుని సమాధుల తోటకి వెళ్లేసరికి సూరిబాబు తలకి తడి తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. పెళ్లివారిని ఆహ్వానించినట్టు చేతులు చాచాడు.

"రండి ఖాదర్ భాయ్, చల్లబడిపోయిందండి!"

క్యాబ్‌లో మీటరు నలభై రెండు డిగ్రీలు చూపిస్తోంది.

అతని లెక్కలు వేరు. తెల్లవారి లేచేసరికి కుళాయి గొట్టం చెమ్మగిల్లి ఉంటే చలికాలం మొదలైనట్టు. ఈగలు తిరిగొస్తే ఇంకో గుర్తు. కళ్లకి నల్లగంత కట్టుకున్నట్టుండే బూడిదరంగు పిట్ట ఒకటి ఎక్కడినుంచో ఎగిరొచ్చి గోడవార ముళ్లకంప మీద వాలితే మూడోది. ఆ పిట్ట చూడ్డానికి గుప్పెడుంటుంది గాని పరమ కసాయిది. బతికున్న తొండపిల్లని పట్టుకొచ్చి ముల్లుకి గుచ్చి, ఆకలైనప్పుడు తిందామని వదిలేసి పోతుంది. తొండ ఎండలో కాళ్లాడిస్తూ ఉంటుంది. సూరిబాబు దాన్ని చూసి, "దాని అలమరా అండి అది," అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు, కానీ చూడ్డం మానేవాణ్ణీ కాదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నెల్లూరు దగ్గర ఊరు, పేరు ఖాదర్ హుస్సేన్, ఇరవై ఏళ్లుగా ట్యాంకర్ డ్రైవర్ని. రువైస్ పోయే హైవే దిగి ఆరు కిలోమీటర్లు ఇసుకలోకి పోతే ఒక చర్చివాళ్ల సమాధుల స్థలం వస్తుంది. చుట్టూ ప్రహరీ, మధ్యలో రేకుల కప్పు ప్రార్థన గది, నెలకోసారి వచ్చే ఫాదర్, మిగతా రోజుల్లో సూరిబాబు. అక్కడి మొక్కలకి వారానికి రెండుసార్లు నీళ్లు పోసి రావడం నా పని.

సూరిబాబుది కోనసీమ, ముమ్మిడివరం పక్క. కొబ్బరి దింపే ఇంట పుట్టి ఇక్కడికొచ్చి ఖర్జూరం చెట్లెక్కాడు. చెట్టు చెట్టే అనుకున్నాడు పాపం. మూడో ఏడే జారిపడి కాలు విరిగింది. ఎముక అతికింది గాని వంకరగా అతికింది. చెట్టెక్కలేనివాడు దేనికి పనికొస్తాడని ముదీర్, అంటే మా మేనేజరు, ఆలోచించి, చచ్చినవాళ్లకి కాపలా పెట్టాడు. పక్కా హిందువు. చర్చి స్థలంలో ఉంటూ దసరాకి చెట్టుకి పసుపు రాసేవాడు. అందులో అతని తప్పేం లేదు. ఆ తోటలో ఉన్న ఒకే ఒక్క పెద్ద చెట్టుని అరబ్బులు గాఫ్ అంటారు గాని అది అచ్చంగా మన జమ్మిచెట్టే.

నోరు మంచిది, చెయ్యి ఇంకా మంచిది. ఊళ్లో భార్య మంగ పంపిన బంతి విత్తనాలు ఆగస్టులో చల్లి అక్టోబరుకల్లా పువ్వులు లేపేవాడు. ఇసుకలో బంతిపూలు! అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క పెద్ద తప్పు చేశాడు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. అది తర్వాత చెప్తాను, చెప్పబుద్ధి కాదు గనుక.

2020లో కరోనా వచ్చినప్పుడు శవాలు ఇళ్లకి పోలేదు. విమానాలు లేవు. ఏప్రిల్ నుంచి జూన్ లోపల ఆ తోటలో కొత్తగా ఒక వరస లేచింది, ఇరవై ఒక్క సమాధులు. తెల్ల కోట్లు తొడుక్కున్నవాళ్లు వచ్చి పూడ్చిపోయారు. అప్పుడు సూరిబాబుని కూలీల క్యాంపులో పెట్టి తాళం వేశారు. జూలైలో అతను తిరిగొచ్చేసరికి వరస నిండిపోయి ఉంది. ఒక్కో ఇసుక దిబ్బ తల దగ్గర ఒక చిన్న సిమెంటు దిమ్మ, దిమ్మ మీద నల్ల పెయింటుతో నంబరు. పేర్లు ఆఫీసు జాబితాలో ఉంటాయి.

ఆ వరసలో ఒకటో నంబరు ప్రభుదాస్. రువైస్ పక్క సైట్‌లో పైపులు అతికేవాడు, వయసు నలభై నాలుగు. ఊరు రాజోలు అవతల. అతని భార్య పేరమ్మ ఎవరెవరినో పట్టుకుని సూరిబాబు నంబరు సంపాదించి, అక్టోబరులో ఐమోలో వీడియో కాల్ చేసింది. సూరిబాబు ఫోను పట్టుకుని వరస చూపించాడు. నేను పక్కనే ఉన్నాను. ఒకటో నంబరు ఏ చివర ఉందో ఇద్దరం చూసుకోలేదు. ఆవిడ ఏడవలేదు. ముందు కోప్పడింది.

"ఇదేంటన్నయ్యగారూ, ఉత్త ఇసకా! ఆత్మల పండగ వచ్చేత్తంది, సున్నమన్నా వెయ్యలేదేంటండి? మా ఊళ్లో ముష్టోడి సమాధికి కూడా సున్నం కొడతారండి!"

ఫోను పెట్టేశాక సూరిబాబు తల దించుకున్నాడు. తన ఇంటికి చుట్టాలొచ్చి, ముగ్గు లేదేమని అడిగినట్టయింది అతనికి. మర్నాడే సామాన్ల కొట్టునుంచి సున్నం బస్తా తెప్పించాడు. నవంబరు రెండున ఆత్మల పండగ. దానికి వారం ముందు మొత్తం వరసకి సున్నం కొట్టాడు. ఊళ్లో గోడకి కొట్టినట్టే పద్ధతిగా కొట్టాడు. సున్నం పట్టాలంటే ముందు పాతది గీకాలి గదా. ఇనప బ్రష్షు పెట్టి ఇరవై ఒక్క దిమ్మలూ శుభ్రంగా గీకి, మూడు పూతలు పూశాడు.

నంబర్లు పోయాయి.

పేరమ్మ వీడియోలో చూసి పొంగిపోయింది. "ఇప్పుడు మనిషి పడుకున్నట్టుందండి," అంది. సూరిబాబు ఆ సంతోషంలో రెండు రోజులు తేలాడు. మూడో రోజు ముదీర్ వచ్చి నంబర్లేవని అరిచి, ఆఫీసునుంచి జాబితా, పటం తెచ్చి మొహాన కొట్టి పోయాడు. సాయంత్రానికల్లా నంబర్లు తిరిగి రాయాలని ఆర్డర్.

సూరిబాబుకి ఇంగ్లీషు రాదు. అప్పుడు నేను ట్యాంకర్లో ఉన్నాను. "భాయ్, కాస్త దిగొచ్చి చదివి పెట్టండి," అని అడిగాడు. అక్టోబరు చివర్లో కూడా ఆ మధ్యాహ్నం ముప్పై తొమ్మిది. ఏసీ చల్లగా ఉంది. నేను దిగలేదు. కిటికీ అద్దం నాలుగు వేళ్లు దించి, ఆ సందులోంచి కాగితం అందుకుని, "ఒకటి, ప్రభుదాస్. రెండు, ఫలానా..." అని గట్టిగా చదివాను. అతను కుంటుకుంటూ ఒక్కో దిమ్మ దగ్గరికి పోయి అంకె రాశాడు. ఏ పక్కనుంచి మొదలుపెట్టాడో నేను చూడలేదు. పటం రెండో పేజీలో ఉంది. తిప్పలేదు.

అలా ఒకటో నంబరు ఎడమ చివర, జమ్మిచెట్టు కిందికి వచ్చింది. పేరమ్మ వీడియోలో చెట్టు చూసి అప్పుడు ఏడ్చింది. "బతికున్నన్నాళ్లూ ఎండలోనే ఉన్నాడండి. ఇప్పుడన్నా నీడ దొరికింది."

కుడి చివర గోడ పక్కది ఇరవై ఒకటి అయింది. జాబితాలో ఆ ఇరవై ఒకటి ఎవరో ఓడమనిషి. దేశం దగ్గర గీత, బంధువుల దగ్గర గీత. అతని కోసం ఎవరూ ఫోను చెయ్యలేదు. ఆ గోడవారే కుళాయి ఉంది, చెత్త వేసే చోటూ అదే. 2021లో ఒక దేశదిమ్మరి కుక్క తోటలోకొచ్చి చచ్చింది. సూరిబాబు దాన్ని పూడ్చడానికి చెట్టు దగ్గర గుంట తవ్వుతుంటే పేరమ్మ కాల్ వచ్చింది. ఆవిడ చూసింది.

"అయ్యో, మా ఆయన పక్కన కుక్కనా! వద్దండీ బాబూ. అదుగో, ఆ గోడ పక్కన దిక్కులేనోడు ఉన్నాడు కదా, ఆడి కాళ్ల దగ్గర పాతెయ్యండి. ముళ్లకంపలూ అక్కడే పొయ్యండి. మా ఆయన దగ్గరికి రానివ్వకండి."

ఆవిడ చెడ్డది కాదు. తన మనిషి మీద ప్రేమ ఉన్నవాళ్లకి పక్కవాడు మనిషిలా కనపడడు, అంతే. సూరిబాబు సరేనన్నాడు. అప్పటినుంచి మూడేళ్లు కొట్టిన కంపలన్నీ ఆ గోడవార దిబ్బ మీదే. ప్రతి ఏడూ సున్నం కలిపిన డబ్బాలు కడిగి పోసింది అక్కడే, మిగిలిన సున్నం గడ్డ కట్టి పొక్కులు తేలింది అక్కడే. నేనూ ట్యాంకర్ గొట్టం విప్పాక అడుగున మిగిలే తుప్పునీళ్లు అక్కడే వదిలేవాణ్ణి. తిలాపాపం తలా పిడికెడు అన్నారు గాని నా పిడికిలి కొంచెం పెద్దది.

2022లో పేరమ్మే ఈ దేశం వచ్చింది, బనియాస్‌లో ఒక ఇంట్లో పనికి. వచ్చిందే ఆయన సమాధి కోసమని తర్వాత చెప్పింది. రెండున్నరేళ్లలో ఒక్క రోజు సెలవు దొరకలేదు. ఇద్దరు ముసలివాళ్లని చూసుకోవాలి, వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్, వదలడు. బనియాస్‌నుంచి ఈ తోటకి రెండు గంటల దారి. ఆ ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తూ ఐమోలో జమ్మిచెట్టు కింద దిబ్బని చూసుకునేది. 2024 అక్టోబరుకి కాంట్రాక్టు అయిపోయింది. పదిహేనున విమానం. పదమూడు ఆదివారం కఫీల్ సెలవిచ్చాడు. ఆ ఒక్క రోజు.

"తల దగ్గర మట్టి తీసుకెళ్తానండి," అంది ఫోన్లో. "మా ఊరి సమాధుల తోటలో స్థలం ఇచ్చారండి పాస్టరుగారు. ఆ మట్టి పాతి పైన సమాధి కట్టిస్తాను. పిల్లలకి నాన్న అని చూపించుకోవడానికి ఒక చోటుండాలి కదండీ."

ఆవిడ కోరినదంతా ఆ గుప్పెడు మట్టే. దాని కోసమే ఆవిడ ఇక్కడ రెండున్నరేళ్లు ఎవరివో మంచాలు కడిగింది.

అసలు సంగతి బయటపడింది సెప్టెంబరు చివరి గురువారం. నవంబరులో జనం వస్తారు గనుక ఈలోగా బొరియలన్నీ పూడ్చమని ముదీర్ చెప్పాడు. ఇక్కడి ఇసుకలో ఒక జంతువు ఉంటుంది. దబ్ అంటారు. మనవాళ్లు ఉడుమనే పిలుస్తారు గాని తోకనిండా ముళ్లుంటాయి. చల్లబడగానే తెగ తవ్వుతుంది. గోడవార దిబ్బ తల దగ్గర, కంపల కింద, దానికి పెద్ద బొరియ ఉంది. నేను వెళ్లేసరికి సూరిబాబు పారతో బొరియ విడగొడుతున్నాడు. బుస్సుమని బయటికొచ్చింది. ఒక్క దెబ్బ వేశాడు. నడుము విరిగింది. చావకుండా తోక కొట్టుకుంటూ పడి ఉంది.

పార మళ్లీ దించినప్పుడు ఏదో ఖణేల్మంది. వంగి తీశాడు. అరచేతిలో సగం ఉండే స్టీలు బిళ్ల.

"ఇదేంటో చూడండి భాయ్."

తుడిచి చదివాను. పూడ్చేటప్పుడు ఒక్కో సమాధికి తల దగ్గర మూర లోతున ఒక బిళ్ల పెట్టారన్నమాట. ఒకటి అని అంకె. కింద ప్రభుదాస్ అని పేరు.

"ఒకటో నంబరు బిళ్ల ఇక్కడ ఎందుకుందయ్యా?" అన్నాను. అని, నోరు మూసుకున్నాను. నాకు అప్పటికే తెలిసిపోయింది.

అతని గదిలో గోడకి తగిలించిన పటం తెమ్మన్నాను. నాలుగేళ్ల తర్వాత రెండో పేజీ తిప్పాను. అది గీసింది అరబ్బు కంట్రాక్టరు. వరస కుడిపక్క గోడనుంచి మొదలై ఎడమ పక్క చెట్టు దగ్గరికి పోతోంది. నేను చిన్నప్పుడు మదరసాలో చదువుకున్నవాణ్ణి, కుడినుంచి చదవడం పలకమీదే నేర్చుకున్నవాణ్ణి. ఆ పటం నా కంట పడుంటే ఒక్క క్షణంలో తెలిసేది.

"యాడనించి లెక్కపెట్నావు నువ్వు?" అని అడిగాను, తెలిసే.

"ఎడమనించండి. ఎవరన్నా ఎడమనించే కదండీ మొదలెడతారు?"

పటం మీద వేలుపెట్టి చూపించాను. అతను కాసేపు నా వేలు వైపే చూశాడు. ఇరవై ఒక్కటీ తిరగబడ్డాయి. నట్టనడిమి పదకొండో ఆయన ఒక్కడే తన నంబరు కింద తాను పడుకున్నాడు. నాలుగేళ్లుగా తెనాలివాళ్లు ఎవరో కేరళాయన కోసం ఏడ్చారు, ఆ కేరళావాళ్లు తెనాలి ఆయనకి దండం పెట్టారు. చెట్టు నీడా, బంతిపూలూ, పేరమ్మ కన్నీళ్లూ అన్నీ ఎవరూ లేని ఓడమనిషికి దక్కాయి. అదృష్టమంటే అతనిది. ఆవిడ మొగుడి కాళ్ల దగ్గర కుక్క ఉంది. పాతమన్నది ఆవిడే.

సూరిబాబు ఇసుకలో కూలబడ్డాడు. పక్కన దబ్ తోక ఇంకా కొట్టుకుంటోంది.

"నేను తొక్కుకుంటూ తిరిగానండి ఈయన మీద," అన్నాడు. "డబ్బాలు కడిగి పోశానండి."

"నేను తుప్పునీళ్లు పోసినా. లే," అన్నాను. కసిరినట్టే అన్నాను. భయమేస్తే నాకు గొంతు పెరుగుతుంది. జాబితా నేనే చదివానన్న సంగతి అతను ఎత్తలేదు. ఎత్తి ఉంటే బావుండేది, నాలుగు తిట్టుకుని తేలిక పడేవాళ్లం.

ముదీర్‌కి ఫోను చేశాడు. ముదీర్ నవ్వాడట. "ఇరవై కుటుంబాలకి ఫోన్ చేసి ఏమని చెప్తావ్? చచ్చినవాళ్లు ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదుగా. నోరెత్తావంటే టికెట్ కొట్టి ఇంటికి పంపుతా. ఖలాస్." చచ్చినవాడి కళ్లు చారెడని ఊళ్లో అంటాం. ఇక్కడ చచ్చినవాడికి కళ్లే ఉండవు.

ఆ తర్వాత రెండు వారాలు అతను ఆ గోడవార చేసిన చాకిరీ చూడలేకపోయాను. కంపలు ఈడ్చేశాడు. గడ్డకట్టిన సున్నాన్ని ఉలితో పెచ్చుపెచ్చుగా లేపాడు. కుక్క ఎముకలు ఏరి గోనెలో కట్టి ప్రహరీ అవతల పాతాడు. కంపలు పోయేసరికి ఆ బూడిదరంగు పిట్టకి అలమరా పోయింది. అది రెండు రోజులు అరిచి, జమ్మికొమ్మ ముల్లుకి తొండని గుచ్చుకుంది. పొద్దున్నే మంచు కమ్మేది. పది అడుగుల అవతల సిలువలు కనపడేవి కావు. ఆ మంచులో కాలీడుస్తూ గీకుతున్న చప్పుడు మాత్రం వినపడేది.

"ఆవిడకి చెప్పలేనండి," అన్నాడు దసరా నాడు. "చెప్తే ఆ కుక్క మాట గుర్తొస్తాదండి ఆవిడకి. బతకదు. కానీ మట్టి మాత్రం అసలుదే పోవాలండి. నా దగ్గర ఉపాయం ఉంది."

చిన్న తెల్లగుడ్డ మూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. గోడవార దిబ్బ తల దగ్గర తీసిన మట్టి. పేరమ్మ చెట్టుకింద మట్టి తీసుకుంటుంది. తిరుగు దారిలో నేను ఎలాగైనా ఆ మట్టి తీసేసి ఇది పెట్టాలి. ఆవిణ్ణి తీసుకొచ్చి, తీసుకెళ్లేది నేనే.

"పొద్దున పాలపిట్ట కనపడిందండి, సిలువ మీద వాలింది. పని అయిపోద్దండి," అన్నాడు. దసరా నాడు పాలపిట్టని చూస్తే అంతా జయమేనట. ఈ ఎడారిలో పాలపిట్టలు రోజూ వాలుతాయి. అయినా మూట తీసుకుని సరేనన్నాను.

ఆదివారం పొద్దున మా కంపెనీ పికప్‌లో పేరమ్మని తీసుకొచ్చాను. సన్నటి మనిషి, చేతులు పొక్కిపోయి ఉన్నాయి. ఒళ్లో ఒక సంచి. "భాయ్ గారూ, ఇంకెంత దూరమండి?" అని తప్ప దారిలో ఇంకో మాట లేదు. మంచు ఇంకా విడలేదు. గేటు దాటగానే ఎవరూ చూపించకుండానే చెట్టువైపు పరుగెత్తింది. నాలుగేళ్లుగా వీడియోలో చూస్తున్న దారి గదా. వెళ్లి ఆ దిబ్బ మీద బోర్లాపడి, రెండు చేతులూ చాచి కావిలించుకుంది.

"వచ్చానండి... వచ్చానండి..." అని అదే మాట. మొగుణ్ణి అండీ అనే పిలుస్తారు వాళ్లు.

సూరిబాబు నా పక్కన నిలబడ్డాడు. "భాయ్, చెప్పేస్తానండి," అన్నాడు. ఒక అడుగు వేశాడు కూడా. నేను అతని రెక్క పట్టుకుని లాగాను. "నీకు పిచ్చా? మూట ఉంది గదా, నేను చూసుకుంటా," అన్నాను. ఆవిడ కోసం ఆపానని అతను అనుకున్నాడు. చెప్తే జాబితా చదివింది ఎవరని ఆవిడ అడుగుతుంది, అందుకని ఆపాను.

చాలాసేపటికి ఆవిడ లేచింది. కళ్లు తుడుచుకుని చుట్టూ చూసింది. మంచు విడిపోతోంది. గోడవార దిబ్బ తెల్లగా మెరుస్తోంది. అందరికంటే మంచి సున్నం దానికే పడింది. మొదటి కోత బంతిపూలు పది ఉంటే, పదీ సూరిబాబు దాని మీదే పెట్టాడు. ఆవిడ మొహం మారింది.

"ఇదేంటన్నయ్యగారూ? మా ఆయనకి ఒక్క పువ్వు లేదు, ఆ దిక్కులేనోడికి అన్ని పువ్వులా?"

ఆవిడ చరచరా నడిచి వెళ్లి, దాని మీద పువ్వులన్నీ కొంగులో ఏరుకుంది. ఒక్కటి కూడా వదల్లేదు. వెళ్తూ, సొంత మొగుడి ఛాతీ మీద కాలు వేసి అవతలికి దాటింది. సూరిబాబు కళ్లు మూసుకున్నాడు. ఆ పువ్వులు తెచ్చి చెట్టుకింద పేర్చి, సంచిలోంచి తెల్లచీర ముక్క తీసింది. పెళ్లినాటి చీరట. తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, గోళ్లతో తవ్వి, మూడు గుప్పిళ్లు మట్టి అందులో పోసి ముడేసింది.

పోయేటప్పుడు గోడవార కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంది. సమాధుల తోటనుంచి ఇంటికి పోయేవాళ్లు కడుక్కోవాలి గదా. ఆ నీళ్లు కొత్త సున్నం మీంచి పారి దిబ్బలోకి ఇంకాయి.

తిరుగు దారిలో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దానితో మాట్లాడింది. విమానం ఎన్నింటికో చెప్పింది, పెద్దమ్మాయి ఇంటర్ పాసయిందని చెప్పింది. నా సీటు కింద సూరిబాబు మూట ఉంది. సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపమంది, బాత్రూముకి. మూట సీటు మీద పెట్టి, ఒక నిమిషం ఆగి, "కాస్త చూస్తుండండి భాయ్ గారూ. ఆయన్ని ఒంటరిగా వదలకండి," అని దిగింది.

ఆవిడ నడక చూసి అయిదు నిమిషాలు పడుతుందని లెక్కేశాను. కావలసినంత టైము. ముడి విప్పాలి, మట్టి పారబొయ్యాలి, ఇది నింపాలి, ముడెయ్యాలి. క్యాబ్‌లో చేస్తే సీటంతా ఇసుక పడుతుంది, ఆవిడకి తెలిసిపోతుంది. కిందికి దిగి చెయ్యాలి. మంచు విడిచాక ఎండ పేలిపోతోంది. ఏసీ చల్లగా ఉంది. తలుపు పిడి మీద చెయ్యి వేశాను. ఈ మట్టి మీద కూడా నాలుగేళ్లు ఏడ్చింది గదా, ఇప్పుడు ఇదే ఆయన మట్టి గదా అనుకున్నాను. మట్టి మట్టే గదా అనుకున్నాను. అనుకోవడానికి ఎన్ని దొరుకుతాయో! అవన్నీ అనుకునేలోపల ఆవిడ వచ్చేసింది.

దిగలేదు. నేను మళ్లీ దిగలేదు.

సోమవారం నీళ్లు పొయ్యడానికి వెళ్తే సూరిబాబు గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. "మార్చారా భాయ్?"

"మార్చినా," అన్నాను.

అతను నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. నేను చెయ్యి లాక్కుని గొట్టం విప్పాను. ఆ రోజు అతను పాట పాడుకుంటూ పాదులు తీశాడు.

నవంబరులో పేరమ్మ వీడియో పంపింది. రాజోలు అవతల వాళ్ల సమాధుల తోట, పచ్చగా ఉంది. కొత్త సమాధి, తెల్ల టైల్సు, పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. చుట్టూ కొవ్వొత్తులు, ముగ్గురు పిల్లలు దానికి చెంపలు ఆనించుకుని ఉన్నారు. సూరిబాబు ఆ వీడియో నాకు మూడుసార్లు చూపించాడు. "చూశారా, ఇంటికి చేరిపోయారండి ప్రభుదాస్ గారు. పుణ్యం మీదేనండి." ఆ టైల్సు కింద పేరు తెలియని ఓడమనిషి మట్టి ఉంది. నేను ఫోను తిరిగిచ్చేశాను.

డిసెంబరులో జమ్మిచెట్టు కొమ్మలు నరికాడు, గోడవార కంప కొట్టాడు. పెద్ద మోపు కట్టి, భుజాన వేసుకుని కుంటుకుంటూ కుడి చివరికి నడిచాడు. తెల్లగా మెరుస్తున్న ఆ దిబ్బ మీదికి.

"అక్కడెందుకయ్యా?" అని క్యాబ్‌లోంచి అరిచాను.

అతను ఆగి, ఎంతో అమాయకంగా నావైపు తిరిగాడు. "మరెక్కడ వెయ్యనండి? అయినా ఆయన వెళ్లిపోయారు కదండీ. మా వాళ్లలో అస్థికలు తీశాక ఇంక అక్కడేం ఉండదండి. ఖాళీయే."

మోపు దింపాడు. ముళ్లు సున్నం మీద గీసుకున్నాయి. ఆ బూడిదరంగు పిట్ట అప్పుడే వచ్చి దాని మీద వాలింది.

పికప్‌లోంచి ట్యాంకర్లోకి మార్చిన తెల్లగుడ్డ మూట నా సీటు కింద అలాగే ఉంది. చెయ్యి పెడితే తగులుతుంది. ఇప్పుడైనా దిగి చెప్పచ్చు. సూరిబాబు ఇంకో మోపు కోసం వెనక్కి వస్తూ నన్ను చూసి నవ్వాడు. నేను కిటికీ అద్దం ఎత్తుకున్నాను.